టిన్ను మూడు వేలంటున్నారు, పది కొని పెట్టుకోవాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. మీ అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఏడాదిన్నరగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతోంది. 60 షాట్లకు దశాంశాల లెక్కలో 590 నుంచి 600 మధ్య వస్తోంది. రాష్ట్ర పోటీలకు ఐదు వారాలుంది. మీరు ఎప్పుడూ పదహారు వందలకు కొనే జర్మన్ మ్యాచ్ పెల్లెట్ల (పోటీలకు వాడే సీసపు గుళ్ల) టిన్ను దుకాణంలో లేదన్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన అదే టిన్ను మూడు వేలకు ఇస్తానంటూ, వారం ఆగితే అదీ ఉండదంటున్నాడు. పది తీసుకోమంటారా అని అడిగారు. చివర్లో, అదే మనిషి దగ్గర పాయింట్ టూటూ (.22 క్యాలిబర్) తూటాలు కూడా ఉన్నాయట, మా అన్నయ్య కొడుకుకు పనికొస్తాయా అని ఒక ముక్క జోడించారు.

పది టిన్నులు వద్దు. మరీ కావాలనుకుంటే రెండు కొనండి, అదీ కింద చెప్పే పరీక్ష చేశాకే. తూటాల కోసమైతే ఆ మనిషికి ఫోన్ కూడా చేయకండి. మీరు చివర్లో మాటవరసకు అడిగినట్టు అడిగారు కానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను.

గాలి ఒత్తిడితో పోయే పెల్లెట్ వేరు, లోపల మందు ఉండే తూటా వేరు. రెండూ చిన్నగానే ఉంటాయి కాబట్టి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు రెండూ ఒకే రకం సరుకులా కనిపిస్తాయి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 క్యాలిబర్, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. మీ అమ్మాయి చేతిలోని మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌల్స్ దగ్గర ఉంటుంది. అందుకే పెల్లెట్లు ఎవరైనా కొనొచ్చు. తూటాకు ఆ వెసులుబాటు లేదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ లైసెన్సు లేకుండా దాన్ని అమ్మడానికి ఒప్పుకోదు. సొంత వాడకానికి సక్రమంగా ఉంచుకున్న తూటాలను ఇంకో లైసెన్సుదారుకు ఇవ్వాలన్నా, ఫలానా పేరు, ఫలానా చిరునామా అని జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. "రాత్రికి పంపిస్తా సార్" అనేవాడు 45 రోజులు ఆగే రకమా, మీరే చెప్పండి. 2019 డిసెంబరులో చట్టాన్ని సవరించాక లైసెన్సు లేని అమ్మకానికి కనీస శిక్ష ఏడేళ్లు, పెద్దది యావజ్జీవం.

అవి ఎక్కడి నుంచి వస్తాయంటారా? నేను చూసినంతలో చాలావరకు ఎవరో ఒక క్రీడాకారుడి కోటాలో మిగిలినవే. పేరున్న షూటర్లకు విదేశాల నుంచి తెప్పించుకునే అనుమతి ఉంటుంది, సుంకం మినహాయింపు కూడా ఉంటుంది. అయితే అదంతా సొంత సాధనకు మాత్రమే అన్న షరతు మీద. ఆ సరుకు చేతులు మారిందని బయటపడితే అమ్మినవాడి ఆట అక్కడితో ముగుస్తుంది. కొన్నవాడి పుస్తకంలోనూ ఆ తూటాలకు లెక్క ఉండదు. లైసెన్సున్న డీలర్ దగ్గర కొన్న ప్రతి పెట్టె లైసెన్సులో ఎక్కుతుంది. ఎక్కనిది మీ వాళ్లింట్లో ఒక్కటి ఉన్నా దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీ అన్నయ్య కొడుకే. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ అబ్బాయి పోటీలకు విమానంలో వెళ్లే ముందు కిట్ బ్యాగు, షూటింగ్ కోటు జేబులు బోర్లించి దులపమనండి. మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే ఆ రోజు పోటీ కాదు, స్టేషనే.

హైదరాబాద్‌లో కూర్చుని తూటాల కరువు గురించి మాట్లాడుకోవడం కొంచెం వింతగానే ఉంటుంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోయించిన చోటే కదా మన గన్‌ఫౌండ్రీ. మూసారాంబాగ్ పేరులోనూ ఆయనే ఉన్నాడు. పోయినేడు ఒక తండ్రి, "ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా సార్, అక్కడ తెలిసినవాళ్లుంటే ఇప్పించలేరా" అని అమాయకంగా అడిగాడు. అక్కడ తయారయ్యేవి యుద్ధ వాహనాలు. తూటాల పని పుణె దగ్గర ఖడ్కీలో. అక్కడివి కూడా డీలరు ద్వారా, లైసెన్సు మీదే వస్తాయి తప్ప తెలిసినవాళ్ల ద్వారా కాదు.

ఇక పెల్లెట్లు.

పోటీకి పనికొచ్చే పెల్లెట్లు చేసే కర్మాగారాలు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జర్మనీలో ఫ్యుర్త్‌లో ఆర్‌డబ్ల్యూఎస్, హాన్ మ్యుండెన్‌లో హెచ్ అండ్ ఎన్. చెక్ రిపబ్లిక్‌లో బొహుమీన్ అనే చిన్న ఊళ్లో జేఎస్‌బీ. చైనా నుంచి క్యూవైఎస్. కాస్త అటూ ఇటూగా అంతే. ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లూ, కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ కింద సెల్లార్ అకాడమీలో మొన్న చేరిన పిల్లలూ అదే నాలుగు బావుల నీళ్లు తోడుకోవాలి. అక్కడ ఉత్పత్తి నెమ్మదించినా, ఓడ ఆలస్యమైనా, యూరో పెరిగినా మనకు రెండు మూడు నెలల తర్వాత తెలుస్తుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. ఒక్కో ఓడకు వారం పది రోజులకు పైగా అదనం. పోనీ విమానంలో తెప్పిద్దామంటే సీసం బరువు తక్కువా? ఒక్కో పెల్లెట్ 0.53 గ్రాములు, 500 ఉన్న టిన్నులో సీసమే 265 గ్రాములు. వంద టిన్నులకు లెక్కేసుకుంటే కొరియర్ ఖర్చే గుండె జారుస్తుంది.

దీనికి తోడు మన వైపు నుంచి గిరాకీ. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చిన నెలలోనే నా దగ్గరికి చేరికల కోసం వచ్చిన ఫోన్లు అంతకుముందు ఏడాది మొత్తానికి వచ్చినన్ని ఉన్నాయి. మన ఇషా సింగ్ కూడా అదే ఒలింపిక్స్‌కు వెళ్లింది కాబట్టి ఇక్కడ ఆ ఊపు ఇంకాస్త ఎక్కువ. 2012 లండన్‌లో గగన్ నారంగ్ పతకం తర్వాత కూడా ఇలాగే చూశాను. కొత్తగా చేరిన ప్రతి పిల్ల చేతికీ మొదటి నెల్లోనే మ్యాచ్ పెల్లెట్ ఇచ్చేస్తున్నారు. సైకిల్ నేర్చుకునేవాడికి రేసింగ్ టైర్లు కొన్నట్టు.

కానీ నా లెక్కలో ఇవన్నీ కలిపినా సగం కారణమే. మిగతా సగం భయం. అమెరికాలో 2012 చివర్లో ఒక బడిలో కాల్పులు జరిగాక తుపాకుల మీద ఆంక్షలు వస్తాయన్న భయంతో జనం పాయింట్ టూటూ తూటాలు పెట్టెలకు పెట్టెలు మోసుకుపోయారు. ఫ్యాక్టరీలు ఆగలేదు, ఆ కొత్త చట్టమూ పార్లమెంటు దాటలేదు. అయినా చాలాకాలం దుకాణాల్లో అరలు ఖాళీ. 2020లో మళ్లీ అదే కథ. కొవిడ్‌తో గిరాకీ ఆకాశానికి వెళ్తుంటే జూలైలో రెమింగ్టన్ దివాలా పిటిషన్ వేసింది, దాని తూటాల వ్యాపారాన్ని ఆ ఏడాదే విస్టా ఔట్‌డోర్ కొనుక్కుంది. సరుకు తగ్గడం నిజం, కానీ వందకు పది తగ్గితే వంద మందీ రెండేసి కొనడం వల్ల యాభై ఐదు మందికి దొరకకుండా పోయింది. మనవాళ్లకు ఇది కొత్తేం కాదు. టమాటా ధర పెరుగుతోందని టీవీలో చూసి రెండు కిలోలు తెచ్చుకునే ఇల్లు ఐదు కిలోలు తెచ్చిపెట్టుకుని, చివరికి రెండు కిలోలు కుళ్లబెట్టుకోదా?

ఈ మధ్య గ్రూపుల్లో ఇంకో పుకారు తిరుగుతోంది, యూరప్‌లో సీసం నిషేధించారు, ఇక పెల్లెట్లే రావు అని. 2023 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమల్లో ఉన్నది చిత్తడి నేలల్లో పక్షుల వేటకు వాడే సీసపు రవ్వల మీద నిషేధం. నాలుగు గోడల మధ్య, 10 మీటర్ల దూరంలో పెట్టెలో పడే పెల్లెట్‌కు దానికీ సంబంధం లేదు. సీసం వాడకాన్ని ఇంకా తగ్గించాలని అక్కడ చర్చలు నడుస్తున్నాయి, నిజమే. ఆ ముక్క పట్టుకుని మీ చేత ఈ శనివారమే డబ్బు కట్టించాలనుకునేవాడి మాట మాత్రం నమ్మకండి.

ఇప్పుడు ఆ మూడు వేల టిన్ను వల్ల మీ అమ్మాయి స్కోరు ఎంత మారుతుందో చూద్దాం. దీని గురించి ఎవరూ లెక్క చెప్పరు, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఒక వలయం నుంచి ఇంకో వలయానికి రెండున్నర మిల్లీమీటర్లు. అంటే దశాంశం లెక్కలో 0.1 పాయింటుకు పావు మిల్లీమీటరు. 590 వచ్చే పిల్ల ఒక్కో షాట్‌కు సగటున 9.8 కొడుతోంది. గరిష్ఠం 10.9 కాబట్టి ఆమె షాట్లు నడిమధ్య నుంచి సగటున రెండుముప్పావు మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయి. ఈ చెదురు ఎక్కడిది? ఊపిరి, నిలబడే తీరు, ట్రిగ్గర్ మీద వేలు, ఆ ముందురోజు లెక్కల పరీక్ష. పెల్లెట్ వాటా అందులో చాలా తక్కువ. మంచి లాట్‌కూ (ఒకే విడతలో తయారైన సరుకు) మామూలు మ్యాచ్ లాట్‌కూ మధ్య చెదురు తేడా అర మిల్లీమీటరు అనుకోండి. రెండు చెదుర్లు నేరుగా కూడవు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. తీస్తే షాట్‌కు 0.02 పాయింట్లు పోతాయి. అరవై షాట్లకు ఒక్క పాయింటు. మరీ నాసిరకం పెల్లెట్, ఒక మిల్లీమీటరు చెదిరేది వాడితే నాలుగు పాయింట్ల దాకా పోవచ్చు, దాన్ని నేను కాదనను. కానీ మీకు మూడు వేలకు అమ్ముతున్నది ఆ నాలుగు పాయింట్లు కాదు. దుకాణంలో ఇప్పుడు దొరుకుతున్న ఇంకో కంపెనీ మ్యాచ్ పెల్లెట్‌కూ దీనికీ మధ్య ఉన్న ఆ ఒక్క పాయింటు. 630 దగ్గర ఆడేవాళ్లకు ఆ ఒక్క పాయింటు ఫైనల్‌కూ ఇంటికీ మధ్య తేడా. వాళ్లు లాట్లు పరీక్షించి, నచ్చినది పెట్టెలకు పెట్టెలు కొనుక్కోవడంలో అర్థముంది. మీ అమ్మాయికి ఇప్పుడు ఆ పాయింటు కంటే, పోటీ రోజు మొదటి పది షాట్లలో టెన్షన్‌తో పోగొట్టుకునేది ఎక్కువ.

పిస్టల్ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇంకా తేలిక. పిస్టల్‌లో పది వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు, 0.1 పాయింటుకు 0.8 మిల్లీమీటరు. పెల్లెట్ తల కొలత 4.49 మిల్లీమీటర్లు మాత్రమే కావాలి, 4.50 వద్దు అని ఎవరైనా మీ పిల్లాడి కోసం పట్టుబడితే నవ్వి ఊరుకోండి.

ధర సంగతి. దుకాణదారుడిని తిట్టే ముందు ఒక మాట. ముందుగా డబ్బు కట్టి, కనీసం ఇంత కొనాలన్న షరతుకు ఒప్పుకుని, సుంకం, జీఎస్టీ కట్టి, ఆరు నెలలు సరుకు గోదాములో పెట్టుకునే దిగుమతిదారుడు రేటు పెంచాడంటే దానికి లెక్క ఉంటుంది. ఆ పెంపు అతను అతికించే కొత్త ఎంఆర్‌పీ స్టిక్కర్ మీద కనిపిస్తుంది. దిగుమతి ప్యాకెట్ మీద దిగుమతిదారుడి పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. ముద్రించిన ధర కంటే ఎక్కువకు అమ్మడం 2011 ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం తప్పు. ఆ నియమం దుకాణానికే కాదు, అమ్మేవాడెవరికైనా వర్తిస్తుంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, తూనికలు కొలతల శాఖకూ రాయొచ్చు. అలాగని ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. 2020 మార్చిలో మాస్కులను, శానిటైజర్లను నిత్యావసరాల చట్టం కిందకు తెచ్చి ధర కట్టారు గుర్తుందా, పెల్లెట్లకు అలాంటి దిక్కు ఎవరూ ఉండరు. స్టిక్కరే లేని టిన్నులైతే ఎవరో సూట్‌కేసులో తెచ్చినవో, ఎవరి కోటాలోంచో జారినవో అయ్యుంటాయి. వాటి మీద బిల్లు రాదు. బిల్లు లేకపోతే ఫిర్యాదూ లేదు.

ఇలాంటి అమ్మకందారులు ఎక్కడి నుంచో రారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కొత్త సినిమా మొదటి రోజు బ్లాకులో టికెట్లు అమ్మేవాడు కౌంటరు తెరిచినప్పుడు లైన్లో మనకంటే ముందు నిలబడ్డవాడే. పెల్లెట్లకూ అంతే. స్టాకు వచ్చిన రోజు ఎనిమిది టిన్నులు తీసుకున్న తండ్రి, రెండు నెలల తర్వాత ఐదు అమ్మేస్తాడు. "నాకు లాభం అక్కర్లేదండీ, నా ఖర్చులు వస్తే చాలు" అంటూనే.

అంతకంటే నాకు ఒళ్లు మండేది ఇంకో రకం. కోచ్‌గా ఉండి, తన దగ్గరే పెల్లెట్లు కొనాలని శిష్యులకు నియమం పెట్టేవాడు. ఒకసారి మా దగ్గర మానేసి వేరే అకాడమీలో చేరిన అబ్బాయి వాళ్లమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. కోచ్ చెప్పిన చోటే, చెప్పిన ధరకే కొంటోంది. బయట తక్కువకు దొరికిందని ఒక నెల వేరేవి తెస్తే, మ్యాచ్ వారం ముందు పిల్లాడి లేన్ మార్చారట. కోచ్ పెల్లెట్లు అమ్మడం నేరం కాదు. చిన్న అకాడమీలో అద్దె, కరెంటు కట్టడానికి అదొక ఆధారమని నాకూ తెలుసు, నేనూ అమ్మాను. బిల్లు ఇచ్చి, బయట కొంటే అభ్యంతరం లేదన్నంతవరకు పర్వాలేదు. "ఈ బ్రాండు కాకపోతే మీ పాప పైకి రాదు" అన్న రోజు అతను కోచ్ కాదు, దుకాణదారుడు. ఆ తేడా మీరు గమనించుకోవాలి. మీరు రాసిన దాంట్లో ఆ గ్రూపు అడ్మిన్ ఎవరో చెప్పలేదు. ఒకసారి చూసుకోండి.

నేనూ తప్పు చేయనివాణ్ని కాదు. 2002 నేషనల్ గేమ్స్ కోసం గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రేంజ్ కట్టినప్పటి నుంచి ఈ ఆటలో ఉన్నాను. కరువు ఎలా వస్తుందో, ఎలా పోతుందో నాకు తెలియాలి. అయినా 2021లో అందరిలాగే భయపడి పద్నాలుగు టిన్నులు కొని మంచం కింద సూట్‌కేసులో దాచాను. ఆ వానాకాలం మా ఇంటి గోడ నెమ్ము పట్టింది. తీసి చూస్తే ఆరు టిన్నుల్లో పెల్లెట్లు తెల్లటి బూడిద పూసుకున్నట్టున్నాయి. సీసం గాలికి, తేమకు అలా అవుతుంది. ఆ బూడిద చేతికి అంటితే, అటు నుంచి నోట్లోకి పోతే విషం. కడిగితే గొట్టంలో ఎలా పోతాయో దేవుడికే తెలియాలి. ఆరు టిన్నులూ పాత సామాన్లవాడు కిలోల లెక్కన కూడా తీసుకోలేదు. నాలుగు నెలల తర్వాత దుకాణంలో కొత్త స్టాకు మామూలు ధరకే వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ సూట్‌కేసు తీసినప్పుడల్లా ఒక నవ్వు నవ్వుతుంది.

సీసం మాట వచ్చింది కాబట్టి, మీ అమ్మాయి పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేస్తుందేమో చూడండి. చాలామంది పిల్లలకు ఆ అలవాటుంది. మాన్పించండి. రేంజ్ నుంచి బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మిర్చి బజ్జీ.

ఐదు వారాలకు ఎన్ని కావాలో ఇప్పుడు కాగితం మీద వేద్దాం. వారానికి ఐదు రోజులు. మొదటి మూడు వారాలు రోజుకు సగం డ్రై ఫైరింగ్ చేయించండి, రైఫిల్‌లో ఆ మోడ్ ఉంటుంది. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో సైటు, అంటే గురి చూసే భాగం, కదులుతోందా లేదా అన్నది పిల్లకు అప్పుడే కనిపిస్తుంది. పెల్లెట్ వేసినప్పుడు పిల్ల చూపు స్కోరు మీదకు పోతుంది. మిగతా సగం, అంటే రోజుకు ముప్పై షాట్లు, దుకాణంలో దొరికే తక్కువ ధర పెల్లెట్‌తో. పదిహేను రోజులకు 450. అది ఒక్క టిన్ను. చివరి రెండు వారాలు మ్యాచ్ పెల్లెట్‌తో రోజుకు అరవై, పది రోజులకు 600. పోటీ రోజు అరవై షాట్లు, ముందు పదిహేను నిమిషాల్లో కొట్టే సైటర్లు (లెక్కలోకి రాని షాట్లు) ఇరవై అనుకోండి. అదనంగా ఒక మాక్ మ్యాచ్. మ్యాచ్ పెల్లెట్లు అన్నీ కలిపినా 800 దాటవు. రెండు టిన్నులు చాలు, మిగులుతాయి కూడా. పది టిన్నులంటే ఐదు వేల షాట్లు. మూడు వేల లెక్కన ముప్పై వేలు. ఆ డబ్బుతో మంచి షూటింగ్ బూట్లు, గ్లౌజు వస్తాయి, స్కోరుకు అవే ఎక్కువ ఉపయోగం. పెల్లెట్ మార్చినప్పుడల్లా సైటు క్లిక్స్ మళ్లీ సరిచేసుకోవాలి, ఆ పని పోటీ వారానికి వాయిదా వేయకండి.

ఆ రెండు టిన్నులు ముందు దుకాణంలో వేరే మ్యాచ్ బ్రాండులో అడగండి. అకాడమీలో ఐదారు కుటుంబాలు కలిసి చీటీ వేసినట్టు డబ్బు పోగేసి, డీలరుకు ముందే కట్టి, ఒకే లాట్ తెప్పించుకుంటే ఇంకా మేలు. డీలరుకు కూడా స్టాకు మిగులుతుందన్న భయం ఉండదు కాబట్టి ధర దగ్గర కాస్త మెత్తబడతాడు. మేము మూడేళ్లుగా ఇదే చేస్తున్నాం. ఒకే చిక్కు, డబ్బు వసూలు చేసేవాడికి స్నేహితులు తగ్గుతారు.

ఎటూ కుదరక ఆ మనిషి దగ్గరే కొనాల్సి వస్తే, డబ్బు ఇచ్చే ముందు టిన్ను తెరిపించండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. అసలు టిన్నులో పెల్లెట్లన్నీ ఒకే మెరుపుతో ఉంటాయి, కింది అంచు గుండ్రంగా ఉంటుంది. మంచి కంపెనీ టిన్నులో మామూలు సరుకు నింపి అమ్మడం నేను స్వయంగా చూశాను, ఒకసారి కొన్నాను కూడా. కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా ఉంటే, అంచులు నొక్కుకుపోయి ఉంటే అనుమానించండి. ఇరవై పెల్లెట్లు తీసి బంగారం తూచే చిన్న త్రాసు మీద ఒక్కొక్కటీ వేయండి. రైఫిల్ మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాముల దగ్గరే స్థిరంగా ఉండాలి. ఒకటి 0.50, ఒకటి 0.55 అని ఆడుతుంటే అది నింపుడు సరుకే. త్రాసు లేకపోతే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఏ కంసాలి అయినా రెండు నిమిషాల్లో తూచిస్తాడు. ఏమిటివి అని మాత్రం వింతగా చూస్తాడు. ఆ తర్వాత రేంజ్‌లో రైఫిల్‌ను వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే పనిముట్టులో) బిగించి పది షాట్లు ఒకే చోట కొట్టి చూడండి. రైఫిల్ కొన్నప్పుడు పెట్టెలో కంపెనీ వాళ్ల టెస్ట్ కార్డు వచ్చి ఉంటుంది, చాలామంది పారేస్తారు, మీది ఉంటే దాని పక్కన పెట్టి పోల్చండి.

ఈ శనివారం దుకాణానికి వెళ్తానన్నారు కదా. అక్కడ ఏ బ్రాండ్లు ఉన్నాయో, వాటి మీద తల కొలత, లాట్ నంబరు ఏముందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మీ రైఫిల్ మోడల్ కూడా రాయండి, అది మీరు చెప్పలేదు. చూసి ఏవి తీసుకోవచ్చో చెప్తాను.